పేరు కన్నా సర్వీస్ నంబర్ ముఖ్యం

రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ వైమానికుడి వివరాలు వెతకాలంటే పేరుతో మొదలుపెట్టమని ఒక వ్యాసంలో రాశారు కానీ, నన్నడిగితే ముందు సర్వీస్ నంబర్ (సైన్యం అతనికి ఇచ్చిన నంబర్) పట్టుకోవాలి, ఎందుకంటే స్మిత్, జోన్స్ లాంటి పేర్లు వందల్లో ఉంటాయి. యుద్ధంలో చనిపోయినవాళ్ల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో నంబర్, స్క్వాడ్రన్ (అతని వైమానిక దళ విభాగం), చనిపోయిన తేదీ మూడూ దొరుకుతాయి. ఆ తేదీ పట్టుకుని లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 (AIR 27) అనే స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులు చూస్తే ఆ రాత్రి విమానం ఎన్నింటికి లేచిందో, పక్కన ఎవరెవరున్నారో కూడా తెలుస్తుంది (తిరిగి రాలేదని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, చదివితే గుండె పట్టేస్తుంది). సమాధి లేదని నిరాశపడొద్దు, ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్ స్మారకం మీద అలాంటివాళ్ల పేర్లు 20,000కు పైగా ఉన్నాయి. ఇంకోటి, లాంకాస్టర్ బాంబర్ విమానంలో సాధారణంగా ఏడుగురు ఉండేవారు, ఫలకం పెట్టిస్తే మీవాడి పేరొక్కటే కాదు, మిగతా ఆరుగురివీ చెక్కించండి.