మరచెంబు నిండుగానే ఉంది

అరకులో గది తలుపు తీసేసరికి రాత్రి ఎనిమిదయింది. సామాను లోపల పెడుతుంటే మా అత్తయ్యగారి మరచెంబు చేతికి బరువుగా తగిలింది. మూత తిప్పి చూస్తే నీళ్లు మెడ దాకా ఉన్నాయి. పొద్దున మారేడుమిల్లిలో నేనే నింపాను. పది గంటలు కారులో కూర్చున్న మనిషి, డెబ్బై దాటిన వయసు, షుగరు, పైగా మే నెల. కొండ మీద సరే, కింద రంపచోడవరంలో ఎండ చంపేసింది. "దాహం వెయ్యలేదమ్మాయ్" అన్నారు నా మొహం చూడకుండా.

దాహం వెయ్యకపోవడమేమిటి, నాకు తెలియదా! నా సీసాలోనూ ముప్పాతిక మిగిలే ఉంది. పదో తరగతి పరీక్షలు రాసిన మా అమ్మాయిదీ అంతే. ఖాళీ అయినవి రెండే: మా ఆయనది, మా తొమ్మిదేళ్లవాడిది. వాళ్లిద్దరికీ దారి పొడవునా చెట్లున్నాయి. ఆ చెట్లు మాకు పనికిరావు.

అమలాపురం నుంచి రాజమండ్రి, మారేడుమిల్లి, పాడేరు, అరకు, విశాఖపట్నం, కాకినాడ, యానాం మీదుగా మళ్లీ అమలాపురం. ఆరు రోజుల్లో కొండలు, అడవి, సముద్రం చుట్టేసి వచ్చాం. ఇలాంటి యాత్ర చేసొచ్చినవాళ్లను అందరూ అడిగేది ఏమేం చూశారనే. పర్యాటకం గురించి సర్కారు మాట్లాడినా, పెట్టుబడిదారు మాట్లాడినా అదే ధోరణి. కొత్త రిసార్టు, గాజు వంతెన, జిప్‌లైన్, వ్యూపాయింటు. ఈ ఆరు రోజుల్లో మేం 'చూసిన' సమయమంతా కలిపితే రోజున్నర ఉంటుందేమో. మిగతాదంతా రోడ్డే. ఆ రోడ్డు మీద ఒక కుటుంబం ఎక్కడ ఆగుతుందన్నది ఎవరికీ పట్టలేదు. గిరిజనులుండే కొండల ఏజెన్సీకి, కోస్తాకి ఇప్పుడు కావాల్సింది ఇంకో చూడదగ్గ చోటు కాదు, ఆగదగ్గ చోటు అని నా వాదన.

మా చిన్నప్పుడు వేసవి సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. బస్సులో గంటో గంటన్నరో. దిగితే మనవాళ్ల ఇల్లు, పెరట్లో నుయ్యి, నీళ్లలో వేసిన కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు. దారిలో ఆగే అవసరమే ఉండేది కాదు. ఇప్పుడు ఏసీ కారు వచ్చింది, ఫోన్లో మ్యాపు వచ్చింది, ఈఎంఐలు వచ్చాయి. రెండు వందల కిలోమీటర్లు పోయినా మనవాళ్లన్న ఇల్లు తగలదు. ఇదేమీ పాత రోజుల మీద బెంగతో అంటున్న మాట కాదు. అమ్మమ్మ ఇంట్లో ఆడవాళ్లకు సెలవులెక్కడివి, పదిమంది మనవలకు వండి వార్చడమేగా. కారు ప్రయాణం నాకిష్టమే. అయితే ఆ ఇల్లు చేసిపెట్టిన పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారని అడుగుతున్నాను.

బయల్దేరిన రోజు రావులపాలెంలో హైవే ఎక్కకుండా ఆత్రేయపురం దారి పట్టాం. కాలువలకు నీళ్లు ఆపేసిన రోజులు. కాలువ అడుగున పిల్లలు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడుతున్నారు. బంతి కొడితే గట్టు ఎక్కాలి, అంతే తేడా. లొల్ల లాకుల దగ్గర చెట్ల కింద కారాపాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో పాటు రోడ్డు పని కూడా చేశాయి. ధాన్యం, మనుషులు, పెళ్లివారు అందరూ పడవల్లోనే. లాకు దగ్గర పై నీళ్లు, కింది నీళ్లు సమానమయ్యేదాకా పడవ ఆగి తీరాలి. ఆగాల్సిన చోట చెట్టు, రేవు, ఫలహారాల కొట్టు వాటంతటవే వచ్చి చేరాయి. మా అత్తయ్యగారు అక్కడ చెంబులో సగం నీళ్లు తాగారు. రాజమండ్రిలో మా ఆడపడుచు ఇల్లు ఇక గంట దూరమే కదా.

బాటసారి ఎక్కడ ఆగుతాడో ఈ గోదావరి లంకల్లో ఒకావిడకు బాగా తెలుసు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి ఇల్లు గోదావరి పాయలు దాటి పోయేవాళ్లకు మజిలీ. వేళ కాని వేళ వచ్చినా అన్నం పెట్టేవారు. 1909లో కన్నుమూశారు. గన్నవరం అక్విడెక్టుకు ఆవిడ పేరే, ఇప్పుడు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఆవిడ పుణ్యం గురించి అందరం చెప్పుకుంటాం. పడవలు దిగేవాళ్ల దారిలోనే ఆ ఇల్లుందని, ఏ వేళకు వెళ్లినా తలుపు తీస్తారన్న నమ్మకం జనానికి ఉండేదని ఎవరూ చెప్పరు. నాకు మాత్రం అదే పెద్ద విషయంగా కనిపిస్తుంది. పడవలు పోయి వంతెనలొచ్చాయి. వంతెన మీద ఎవరూ ఎవరి కోసమూ ఆగరు.

మారేడుమిల్లి బాగుంది. అటవీశాఖ వనసంరక్షణ సమితులతో కలిసి అక్కడ పర్యాటకం నడుపుతోంది. ఊరివాళ్లకు అందులో పనుంది కాబట్టి ఊడ్చేవాళ్లున్నారు, బకెట్లో నీళ్లున్నాయి. బొంగు చికెన్ మా వాడికి తెగ నచ్చింది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతి ఆకులతో బిగించి, నిప్పుల మీద పెడతారు. చుక్క నూనె వెయ్యరు. కాలిన బొంగును వంచగానే కమ్మటి పొగ మొహానికి కొట్టింది.

మర్నాడే అసలు కథ. వెనక్కి రంపచోడవరం వచ్చి, రాజవొమ్మంగి, చింతపల్లి, పాడేరు మీదుగా అరకు. రాజమండ్రిని ఇటునుంచి విజయనగరంతో కలిపే 516ఈ జాతీయ రహదారి ఈ కొండల్లోంచే పోతుంది. దారిలో ఒక పెట్రోలు బంకులో డీజిలు కొట్టించి టాయిలెట్ అడిగాం. "కీ మేనేజర్‌గారి దగ్గరుందండి, భోజనానికెళ్లారు" అన్నాడు కుర్రాడు. ఉచితంగా గాలి, తాగునీరు, మరుగుదొడ్డి అని గోడ మీద బోర్డు ఉంది. ఆయిల్ కంపెనీల నిబంధనల ప్రకారం ఉండాల్సిందే మరి. తలుపుకున్న తాళం కప్ప తుప్పు పట్టిపోయింది. వెంటిలేటర్లోంచి మా అమ్మాయి తొంగి చూసింది. లోపల ఆయిల్ డబ్బాల పెట్టెలు, ఒక రెక్క విరిగిన ఫ్యాను. అది చూసినప్పటి నుంచి అత్తయ్యగారు మరచెంబు ముట్టుకోలేదు.

రాజవొమ్మంగిలో టీకి ఆగాం. 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దండు ఇక్కడి పోలీస్ స్టేషన్ మీద పడింది. అంతకుముందు రెండు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట. ఆ తిరుగుబాటుకు ఒక కారణం రోడ్డే అని చెబితే మా పిల్లలు నమ్మలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు గిరిజనుల చేత వెట్టి చేయించాడు. ఈ కొండల్లో రోడ్డుకు ఆ చరిత్ర ఉంది. అందుకే దారి పక్కన పనస తొనలు అమ్ముతున్న ఒకావిడను "ఇక్కడ బాత్రూమ్ ఎక్కడుందమ్మా" అని అడిగాక నాకే సిగ్గేసింది. ఆవిడ నవ్వి కొండవాలు వైపు చెయ్యి చూపించింది. నాకిది ఒక్కరోజు ఇబ్బంది. ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ రోడ్డు మీదే కూర్చుంటుంది.

ఆగకపోతే డబ్బూ ఆగదు. ఆ రోజు డీజిలు, టిఫిను కాక దారిలో మా ఖర్చు 340 రూపాయలు. టీలు, తొనలు, ఒక తేనె సీసా. మర్నాడు అరకులో కాఫీ మ్యూజియం, తోటలు, షాపులు తిరిగి 2,600 వదిలించుకున్నాం. ఆకలి రెండు రోజులూ ఒకటే. రెండో రోజు పని కానిచ్చుకునే చోటు పక్కనే ఉందని తెలుసు కాబట్టి కాఫీ తాగాం, కాఫీ తాగితే కూర్చున్నాం, కూర్చుంటే కొన్నాం. పర్యాటకుల డబ్బంతా రెండు మూడు చోట్లే పోగుపడి, మధ్యలోని ఊళ్లకు హారన్ మోత మాత్రమే మిగలడంలో వింతేముంది? జాతీయ రహదారుల మీద 40 నుంచి 60 కిలోమీటర్లకో చోట సదుపాయాలు పెట్టాలన్న ఆలోచన కేంద్రానికి ఉంది. ఘాట్ రోడ్డు మీద 40 కిలోమీటర్లంటే గంటన్నర. షుగరున్న మనిషికి అది సరిపోయే దూరం కాదు.

"కట్టించాం కదండీ, జనమే పాడుచేస్తున్నారు" అంటారు. అందులో నిజం లేకపోలేదు. మనవాళ్లేం తక్కువ తినలేదు. ఒక వ్యూపాయింటు దగ్గర వాడేసిన డైపర్లు లోయలోకి విసిరిన కారు మా కారు ముందే పోయింది, నంబరు ప్లేటు మన గోదావరిదే. కానీ కట్టించడం ఒకసారి చేసే పని, ఊడ్చడం రోజూ చేసేది. శంకుస్థాపనకు వచ్చినంతమంది ఊడ్చేవాడి జీతం గురించి మాట్లాడటానికి రారు. మనిషికి పది రూపాయలు తీసుకోండి, ఇరవై తీసుకోండి, ఇస్తాం. ఆ డబ్బు పక్క ఊరి డ్వాక్రా సంఘానికి వెళ్లేట్టు చూస్తే తాళం చెవి భోజనానికి వెళ్లదు. తొనలు అమ్మే ఆవిడకూ నీడ దొరుకుతుంది. మారేడుమిల్లిలో పనికొచ్చిన పద్ధతి పాతిక కిలోమీటర్ల అవతల ఎందుకు పనికిరాదు?

విశాఖ గురించి కొత్తగా రాయడానికి నా దగ్గరేమీ లేదు. అత్తయ్యగారు అక్కడ ఒకే సాయంత్రం మూడుసార్లు కాఫీ తాగారు. సముద్రం చూసి పొంగిపోవడం వల్ల మాత్రం కాదు.

తిరుగు ప్రయాణంలో అన్నవరం. కొండెక్కి సత్యదేవుణ్ణి చూసుకుని, ఆకులో పొట్లం కట్టిన ప్రసాదం తీసుకున్నాం. మన కుటుంబ యాత్రలన్నీ గుళ్ల చుట్టూనే ఎందుకు తిరుగుతాయని నాస్తికుడైన మా తమ్ముడు వెటకారం చేస్తుంటాడు. ఒరే, గుడి దగ్గర కుళాయి ఉంటుంది, నీడ ఉంటుంది, కడుపుకింత దొరుకుతుంది, ఆడవాళ్లు వెళ్లడానికి చోటుంటుంది. యాత్ర ఎటు వెళ్లాలో అక్కడే సగం తేలిపోతుంది. భక్తి నిజమే, మిగతా సగం అది.

కాకినాడ చేరేసరికి చేపల పులుసు మీద ఆశ పెట్టుకున్న మా ఆయన నీరుగారిపోయారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. చెరువు రొయ్యలతో సరిపెట్టుకుని, కాజాలు కొనుక్కుని, కోరంగి మడ అడవిలో చెక్కబాట మీద గంటసేపు నడిచాం. యానాంలో అందరిలాగే ట్యాంకు నింపాం. అక్కడ ఆంధ్రా కంటే ధర తక్కువ కాబట్టి బంకు ముందు వరస రోడ్డు దాకా ఉంది. అంత వ్యాపారం జరిగే బంకులోనూ ఆడవాళ్ల గదికి తాళమే.

గోదావరి వంతెన దాటాక ముమ్మిడివరం దగ్గర బొండాల కొట్టు ముందు కారాపాం. ఇంక ఇల్లు పాతిక కిలోమీటర్లు లేదు. "ఒక్కటి చాలు, పిల్లలకివ్వండి" అంటున్నారు అత్తయ్యగారు. కొబ్బరికాయ చెక్కుతున్న ఆవిడ అత్తయ్యగారి వంక ఒక్క క్షణం చూసి కత్తి పక్కన పెట్టేసింది. "ఆయ్, రండి పెద్దమ్మగారూ, ఈ వెనకే మా ఇల్లు" అంది. రేకు తలుపు, సిమెంటు తొట్టి నిండా నీళ్లు, గూట్లో సబ్బు ముక్క. పది నిమిషాలకు అత్తయ్యగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నులక మంచం మీద కూర్చున్నారు.

"రెండు కొట్టమ్మా" అన్నారు. "రెండూ నాకే."