క్యాజువాలిటీ కౌంటర్ అద్దంలోని కన్నం గారికి

మహారాజశ్రీ కన్నం గారికి నమస్కరించి రాయునది. నమస్కారం విడిగా పెట్టక్కర్లేదు లెండి, మీ ముందు నిలబడితే దానంతట అదే అయిపోతుంది. బొడ్డు ఎత్తులో వెలిశారు కదా! మొన్న ఆదివారం రాత్రి ఛాతీ నొప్పితో నాన్నను తెచ్చి, నడుం వంచి, చెంప అద్దానికి ఆనించి, ఆయన పేరూ ఊరూ ఆధార్ నంబరూ మీలోకి అరిచాను.

"వయసు?"

"డెబ్బై ఒకటి!"

చీటీ మీద 91 పడింది.

చేతి పట్టీ మీద 91. ఈసీజీ కాగితం మీద 91. "ఈ వయసులో భలే ఉన్నారు తాతగారూ" అని డ్యూటీ డాక్టర్ మెచ్చుకోలు. "నాకు తెలీకుండా ఇరవై ఏళ్లు ఎప్పుడు గడిచాయిరా?" అన్నారు నాన్న. మీ ముందు వంగి ఉన్నప్పుడే గడిచుంటాయి.

108 పుట్టింది మన ఊళ్లోనే, 2005లో. మెహదీపట్నం ట్రాఫిక్‌లో దూరి ఆ బండి మిగిల్చిన నిమిషాలన్నీ మీరు మింగేశారు. తిరగని స్ట్రెచర్ చక్రం, దారం కట్టినా రాయని పెన్ను... వాటి సంగతి వదిలేస్తున్నా.

ఛాతీ నొప్పి అన్నవాళ్లకు గుమ్మం దాటిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలని గుండె డాక్టర్ల లెక్క. మిషన్ మీ వెనకే ఉంది, దానికి చక్రాలూ ఉన్నాయి. చీటీ రానిదే కదలదు. ముందు ప్రాణం కాపాడండి, లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అదీ మీ దగ్గర వంగే చెప్పిందేమో, లోపలికి వినపడలేదు.

అయినా నీకు 'గారు' ఏంటి? కంప్యూటర్‌ను ఓ బండి మీద పెట్టి మంచం దగ్గరికి తోసుకొస్తే సరిపోయేదానికి, కొడుకును నీ ముందు వంచుతావా? వెనక నాన్న చెమటలు కక్కుతున్నారు. ఆయనకు కనపడింది నా వీపు! సినిమా టికెట్ల కౌంటర్ గీసిన చేత్తోనే నిన్నూ గీసినవాడు, వాళ్ల నాన్నను ఎప్పుడూ ఆస్పత్రికి తేలేదా?

లోపలి అమ్మాయి కూడా వంగే వింటోంది, పాపం. మెడకు పట్టీ.

నాన్నకు స్టెంట్ వేశారు, బాగున్నారు. ఆధార్‌లో 71 ఉంటే మీ కాగితాల్లో ఈ 91 ఎవరని ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతున్నారు. దిద్దించుకోవడానికి నీ దగ్గరికే పొమ్మన్నారు.

వస్తున్నా, నడుముకు బెల్టు కట్టుకుని.

ఇట్లు,
91 ఏళ్ల ఆయన కొడుకు