బోర్డులో సిస్టర్‌కు కుర్చీ ఏది?

కారుణ్య మరణం మీద చర్చ పెడితే లాయర్లు వస్తారు, డాక్టర్లు వస్తారు, స్వాములూ వస్తారు. రోగికి పక్క మార్చి, ఒళ్లు తుడిచే నర్సును మాత్రం ఎవరూ పిలవరు. ఈ దేశంలో దీనిమీద వచ్చిన మొదటి పెద్ద తీర్పులో గెలిచింది నర్సుల మాటే అని ఎంతమందికి గుర్తుందో!

అరుణా శాన్‌బాగ్ ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు. 1973లో ఆసుపత్రిలోనే జరిగిన దాడిలో మెదడు దెబ్బతిని మంచానపడింది. ఆమెకు ఆహారం ఆపేయాలని జర్నలిస్టు పింకీ విరానీ సుప్రీంకోర్టుకు వెళ్తే, చూసుకుంటున్నది మేమే, ఒప్పుకోం అని సిబ్బంది ఎదురు నిలబడ్డారు. 2011 మార్చి 7న కోర్టు వాళ్ల మాటే విన్నది. అన్నేళ్లలో ఆమె ఒంటిమీద ఒక్క మంచపు పుండు, అంటే కదలకుండా పడుకున్నవాళ్లకు ఒరుసుకుని పడే పుండు, పడలేదని ఆ కేసులో చెప్పుకున్నారు. నర్సింగ్ తెలిసినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు. 2015లో చనిపోయేదాకా ఆమెను సాకింది కేఈఎం వార్డే. అయితే ఆ ప్రేమ అరుణ కోరికేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి మాట్లాడే స్థితిలో లేదు.

గౌరవంగా చనిపోవడం కూడా హక్కేనని 2018లో అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. 2023లో పద్ధతి కాస్త సులువైంది. నయం కాని స్థితి వస్తే చికిత్స ఆపమని ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్లుకు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. చికిత్స ఆపాలంటే వైద్యం చేస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డు. దానిపైన రెండో బోర్డు, అందులో జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరు ఒకరు. రెండింటిలోనూ నర్సు లేదు.

ఇక మన శ్రీకాకుళం సంగతి. ఇక్కడ బోర్డుల దాకా పోయేదెవరు? వెంటిలేటర్ మీద పెద్దాయన, చేతిలో అప్పు కాగితాలతో కొడుకు. ‘మావొల్ల కాదు సిస్టరమ్మా, ఇంటికి ఒట్టుకెల్లిపోతాం’ అంటాడు. కేస్ షీట్ మీద సంతకం పడుతుంది. ఆసుపత్రుల్లో దీన్ని ‘లామా’ అంటారు, అంటే డాక్టరు వద్దన్నా వెళ్లిపోవడం. దారి పొడవునా, చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కుతూ వెళ్తారు, ఊరు చేరాక ఆపుతారు. చట్టం లెక్కలో ఇది కారుణ్య మరణం కాదు, రోగి వెళ్లిపోయాడంతే. సంతకం పెట్టించింది, ట్యూబు ఎలా చూసుకోవాలో చెప్పింది సిస్టరే. ఈ పని రోజూ చేసే మనిషిని ‘మీరు అనుకూలమా, వ్యతిరేకమా’ అని అడిగితే ఏం చెబుతుంది?

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు చూడండి. కవిటి, సోంపేట, పలాసల్లో డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. కొన్నాళ్లకు కొందరు ఇక రామంటారు. వద్దనే హక్కు వాళ్లకుంది. కానీ ఆ వద్దు ఎక్కడినుంచి వచ్చింది? ఒంట్లో ఓపిక అయిపోయిందా, తోడు వచ్చే భార్యకు కూలి పోతోందా, కోడలు విసుక్కుందా? సూది గుచ్చుతూ, నాలుగు గంటలు ఎదురుగా తిరిగే సిస్టర్‌కు అది తెలుస్తుంది. రౌండ్స్‌కు వచ్చి రిపోర్టు చూసి వెళ్లే డాక్టరుకు తెలియదు. బోర్డులో తేలాల్సింది సరిగ్గా ఇదే.

అలాగని ప్రాణం తీసే పని నర్సు చేతిలో పెట్టమనడం లేదు. కెనడాలో 2016 నుంచి నర్స్ ప్రాక్టీషనర్లు (అదనపు శిక్షణతో వైద్యం కూడా చేసే నర్సులు) కూడా ఆ ప్రక్రియ నిర్వహించవచ్చు. నెదర్లాండ్స్‌లో, బెల్జియంలో అది డాక్టరు పనే. మనదగ్గర ఇంజెక్షన్ ఇచ్చి చంపడం నేరం, అలాగే ఉండాలని నా అభిప్రాయం. ఒకే నర్సు వార్డంతా పరుగెత్తే చోట, నొప్పికి మార్ఫిన్ కూడా సరిగా అందని చోట, చావును చికిత్సగా అందించడం న్యాయం కాదు. మార్ఫిన్ లైసెన్సుల చిక్కు తగ్గించడానికి 2014లోనే చట్టం సవరించారు. ఇచ్ఛాపురం, పాతపట్నం లాంటి చోట క్యాన్సర్ రోగికి ఆ మాత్ర దొరకాలంటే ఎంత దూరం పోవాలో ఆ ఇంటివాళ్లను అడగండి.

చేయదగినవి రెండున్నాయి, పెద్ద ఖర్చేమీ కాదు. మొదటి బోర్డు కూర్చునే ముందు ఆ రోగిని చూసుకున్న స్టాఫ్ నర్సు రాతపూర్వకంగా ఒక నోట్ ఇవ్వాలి: రోగి ఏమన్నాడు, ఎవరి ముందు అన్నాడు, నొప్పి తగ్గిన రోజు కూడా అదే మాట అన్నాడా అని. వెంటిలేటర్ తీసే వేళ పక్కన ఉండలేనన్న నర్సును ఆ డ్యూటీ నుంచి తప్పించాలి, దాన్ని క్రమశిక్షణ లేకపోవడంగా రాయకూడదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా వైద్యాధికారి సర్క్యులర్ ఒకటి చాలు.