కొండమీది విజిటర్ సెంటర్ గారికి నమస్కరించి వ్రాయునది

కొలరాడో రాష్ట్రం, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో, ఫాల్ రివర్ పాస్ అనే కనుమ దగ్గర, సముద్ర మట్టానికి 11,796 అడుగుల ఎత్తున వేంచేసి ఉన్న మహారాజశ్రీ ఆల్పైన్ విజిటర్ సెంటర్ గారికి, డెన్వర్ శివార్లలోని తెలుగు కుటుంబాల తరఫున నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా ఏడు నెలల మంచు కిందనుంచి బయటపడి, అద్దాలు తుడుచుకుని, క్షేమంగా తలుపులు తీశారని తెలిసి సంతోషించాం.

ముందుగా అభినందనలు. మీరు కొండని ఓడించారు.

ఊరికే పొగడటం లేదు. అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ వారి విజిటర్ సెంటర్లలో మీకంటే ఎత్తున ఉన్నది ఇంకోటి లేదు. ఆంధ్రలో ఎంత పెద్ద కొండెక్కినా 1,700 మీటర్లు దాటదు. మీరు దానికి రెట్టింపు ఎత్తున, గాలికి ఎగిరిపోకుండా పైకప్పు మీద దుంగలు అడ్డదిడ్డంగా పేర్చుకుని, పార్కింగూ టాయిలెట్లూ పక్కనే కాఫీ దొరికే దుకాణమూ పెట్టుకుని కూర్చున్నారు. పడమటివైపు నెవర్ సమ్మర్ కొండలు వరసగా నిలబడి ఉన్నాయి. కోట్ల ఏళ్ళు నిలబడి అవి సాధించలేనిది మీరు 1965 నుంచి సాధిస్తూ వస్తున్నారు: మా వాళ్ళని కారులోంచి దించారు. దించి, మళ్ళీ మీ లోపలికి తీసుకెళ్ళారు.

అసలు మీ పుట్టుక ఉద్దేశం వేరట. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో కార్లు పెరిగాయి, సెలవులు పెరిగాయి, జనం పార్కుల మీద పడ్డారు. ఆ తాకిడికి రోడ్లూ టాయిలెట్లూ చాలక 1956లో ‘మిషన్ 66’ అని పదేళ్ళ పథకం మొదలుపెట్టారు. పార్క్ సర్వీసుకి 1966లో యాభై ఏళ్ళు నిండేలోగా అన్నీ బాగుచేయాలని. మ్యూజియం, సమాచారం, బాత్రూం అన్నీ ఒకే కప్పు కిందకి చేర్చే మీలాంటి భవనాలు అప్పుడే పుట్టుకొచ్చాయి. వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి బయటికి పంపాలన్నది ఆలోచన. నాలుగు ముక్కలు చెప్పడం వరకు మీరు ఏ లోటూ చేయలేదు. బయటికి పంపడమే మిగిలింది.

మా మామయ్యగారు విజయవాడ ఎండలోంచి వచ్చిన మనిషి. మెడకి మఫ్లర్, తలకి మంకీ క్యాప్, దానిమీద కూలింగ్ గ్లాసెస్. వ్యాను దిగి చుట్టూ ఒకసారి చూసి, “ఏవయ్యా, ఇంతకీ ఇక్కడ చూడాల్సిందేంటి?” అన్నారు. చేయి చాపి ఆ లోయనీ, దాని అంచున జులైలో కూడా కరగని మంచునీ చూపించాను.

“అది సరే. చూడాల్సింది?”

మీ బోర్డు చూపించాను.

“అలా చెప్పు,” అని ముందు నడిచారు.

లోపల వెడల్పంచు టోపీ పెట్టుకున్న రేంజరమ్మాయిని, అంటే పార్కు ఉద్యోగినిని, ఆయన అడిగిన మొదటి ప్రశ్న బాత్రూం ఎక్కడని. రెండోది, ఇదంతా చూడటానికి ఎంతసేపు పడుతుందని. ఆ అమ్మాయి ముఖంలో చిరునవ్వు చెక్కు చెదరలేదు. “మీకెంత టైముందండీ?” అని అడిగింది. అదే ప్రశ్న రోజుకి ఎన్నిసార్లు వింటుందో పాపం, ఆ నవ్వుకి వేరే జీతం ఇవ్వాలి.

ఇక మీ కిటికీ. దాని ముందు ఒక పెద్దమనిషి ఫోను అద్దానికి ఆనించి వీడియో తీస్తున్నాడు. కింద పచ్చికలో ఎల్క్ అనే పెద్ద జింకలు మేస్తున్నాయి. తెరమీద మాత్రం ఆయన బొజ్జ, వెనక బ్రోషర్ల స్టాండు, మధ్యలో ఎవరో పిల్లాడు వేసిన ఐదు వేళ్ళ జిడ్డు ముద్ర కనిపిస్తున్నాయి. నాలుగడుగులు వేస్తే తలుపుంది. తలుపవతల అద్దం లేదు. కానీ అక్కడ గాలి కొడుతుంది కదండీ.

మీ పక్కనే ఆల్పైన్ రిడ్జ్ ట్రైల్ అని మెట్ల దారి ఉంది. జనం దానికి పెట్టుకున్న పేరు హఫర్స్ హిల్, అంటే రొప్పేవాళ్ళ గుట్ట. ఆ పేరు ఎందుకొచ్చిందో మొదటి ఇరవై మెట్లలోనే తెలుస్తుంది. ఈ ఎత్తులో ఒక్కో శ్వాసకి సముద్రతీరంలో అందే ఆక్సిజన్‌లో మూడింట రెండొంతులే అందుతుంది. తల దిమ్ము, వికారం, ఆయాసం మామూలే. నీళ్ళు తాగండి, నెమ్మదిగా నడవండి అని మీ వాళ్ళు మొత్తుకుంటూనే ఉంటారు. మా అత్తయ్యగారు మాత్రం “పొద్దున్న ఇడ్లీ సరిగా తినలేదు, అందుకే ఆ నీరసం” అని అక్కడికక్కడే తేల్చేశారు. పైకి వెళ్ళినవాళ్ళు ఎత్తు రాసి ఉన్న బోర్డు పక్కన ఫొటో దిగి, అదే ఊపులో దిగొచ్చేశారు. బోర్డు లేకపోతే ఎక్కినట్టు ఎవరు నమ్ముతారు?

నేలమీద ఏముందో చూసినవాళ్ళు తక్కువ. చెట్లు మీకంటే కిందే ఆగిపోయాయి. ఇక్కడ మిగిలింది టండ్రా. చొక్కా గుండీ అంత పూలు, నేలకి అతుక్కుపోయిన మెత్తల్లాంటి మొక్కలు. ఎదగడానికి వాటికి ఏడాదికి దొరికేది రెండు నెలల లోపే. బియాట్రిస్ విల్లార్డ్ అనే వృక్షశాస్త్రవేత్త 1950ల చివర్లో మీ దాకా వచ్చే ఈ ట్రైల్ రిడ్జ్ రోడ్డు పక్కనే కొన్ని చోట్ల కంచె వేసి, మన కాళ్ళు తొక్కిన నేల మళ్ళీ కోలుకోవడానికి ఎంతకాలం పడుతుందో గమనిస్తూ వచ్చారు. కొన్నిచోట్ల వందల ఏళ్ళు పట్టొచ్చని తేల్చారు. ఈ సంగతి మీ లోపల చదివి “అయ్యో పాపం” అనుకుంటూ బయటికొచ్చి, గ్రూప్ ఫొటోలో అందరూ పట్టడం లేదని దారి పక్కకి రెండడుగులు వెనక్కి జరిగే జాతి మాది. క్షమించమని అడగను, ఫొటో బాగా వచ్చింది.

రిజర్వేషన్ సంగతి కూడా చెప్పాలి. ఇటీవలి ఏళ్ళలో వేసవిలో పార్కులోకి రావాలంటే ముందే టైం స్లాట్ తీసుకోవాలి. వచ్చే నెల స్లాట్లు ఒకటో తారీఖు పొద్దున్న 8 గంటలకి విడుదల. తిరుమల మూడొందల టికెట్ కోసం రెండు ఫోన్లూ ఒక ల్యాప్‌టాపూ ముందేసుకుని కూర్చునే అలవాటున్న మాకు ఇదొక లెక్కా? మూడు వ్యాన్లకీ నిమిషంలో కొట్టేశాం. చిక్కల్లా ఎక్కడంటే, మధ్యాహ్నం 2 దాటితే స్లాట్ అక్కర్లేదని మా వాళ్ళు కనిపెట్టారు. వేసవిలో ఆ కొండల మీద ఉరుములూ పిడుగులూ డ్యూటీ ఎక్కే వేళ కూడా సరిగ్గా అదే. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికల్లా చెట్లున్న చోటికి దిగిపోండని రేంజర్లు చెబుతారు. ఇడ్లీలు, పులిహోర, పెరుగన్నం సర్దుకుని మధ్యాహ్నానికల్లా ఇల్లు కదిలితే అదే మాకు గొప్ప.

అయ్యా, నా మనవి ఒక్కటే. మీరు గొప్పవారు, కానీ కొండకి కూడా ఒక అవకాశం ఇవ్వండి. చూసిన పార్కులకి గుర్తుగా ముద్రలు వేయించుకునే పాస్‌పోర్టు పుస్తకంలో తేదీ వేసే ఆ స్టాంపుని కౌంటరు మీదనుంచి తీసి మెట్ల చివర పెట్టండి. ఆ పెద్ద కిటికీకి వారానికి ఒకరోజు కర్టెన్ వేయండి. ఇవేవీ కుదరకపోతే, కనీసం లోపల హీటరు కాస్త తగ్గించండి.

ఇట్లు,
మీ పార్కింగులో మూడు చోట్లు ఆక్రమించిన బృందం

తా.క.: మా వెనక తెల్లకారు ఒకటి బ్లింకర్ వేసుకుని, మేం డిక్కీ తీసినప్పటి నుంచీ ఆశగా నిలబడి ఉంది. బయల్దేరుతున్నామనుకుంటున్నారు పాపం. డిక్కీ తీసింది పులిహోర కోసమని మీ రేంజరు చేత కాస్త కబురు పెట్టించగలరు.