సవరణ: మనీమేకర్ కట్టింది 40 కాదు, 86 డాలర్లు

అమెరికా పేకాటగాడు క్రిస్ మనీమేకర్ 40 డాలర్లు కట్టి ఆన్‌లైన్ పోటీ గెలిచి, పోకర్ అనే పేకాటలో పెద్ద పోటీ అయిన 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌కు వెళ్లి గెలిచాడని పోయిన ఆదివారం రాశాను. తప్పు, కట్టింది 86. కావలి నుంచి ఒక అన్న ఫోన్ చేసి చెప్పాడు, ఆయనకు థ్యాంక్స్.

ఇంకోటి పెద్ద తప్పు. అక్కడ సీనియర్లను వట్టి అదృష్టంతో ఓడించాడన్నాను. సీనియర్ ఆటగాడు ఫిల్ ఐవీ మీద ఓడిపోయేవాడే, చివరి ముక్కగా ఆసు పడి గెలిచాడు, నిజమే. కానీ ఆఖరి ఇద్దరే మిగిలాక ఇంకో సీనియర్ శామ్ ఫర్హాకు తొమ్మిదుల జత ఉంటే, రాజు తప్ప జత కూడా లేని మనీమేకర్ పెద్ద ముక్కలున్నట్టు ఉన్న చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ ముందుకు నెట్టాడు. ఫర్హా ఆలోచించి ఆలోచించి ముక్కలు పడేసి ఆ ఆట వదులుకున్నాడు. అది గుండె ధైర్యం.

ఆ పోస్టు చూసి ఒంగోలు కుర్రాళ్లు ఇద్దరు పేకాట ఆడే యాప్ పేరు అడిగారు. చెప్పను తమ్ముళ్లూ. డబ్బు పెట్టి ఆన్‌లైన్ పేకాట మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. ఆ మాట అప్పుడే రాయాల్సింది.