తొమ్మిది మ్యాచ్‌లు గెలిచినా ఇంటికి పంపిన నెబ్రాస్కా

2003 నవంబర్ 28, శుక్రవారం. అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) జట్టు కొలరాడో వెళ్లి, వాళ్ల సొంత గడ్డ మీదే వాళ్లను 31-22తో ఓడించింది. ఆ సీజన్‌లో అది తొమ్మిదో గెలుపు. మర్నాడు రాత్రికల్లా హెడ్ కోచ్ ఫ్రాంక్ సోలిచ్ ఉద్యోగం పోయింది.

పదకొండేళ్ల తర్వాత, 2014 నవంబర్ 28న అదే జట్టు అయోవా వెళ్లి ఓవర్‌టైమ్‌లో 37-34తో గెలిచింది. అదీ సీజన్‌లో తొమ్మిదో గెలుపే, అదీ శుక్రవారమే. ఆదివారం కోచ్ బో పెలీనిని తీసేశారు.

నెబ్రాస్కా కోచ్‌ల చరిత్రంతా నాకు ఈ తొమ్మిది అంకె చుట్టూ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. ఎవరు గొప్ప కోచ్, ఎవరు దద్దమ్మ అని అక్కడి అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. అసలు పొరపాటు కోచ్‌లను ఎంచుకోవడంలో కంటే వాళ్లను కొలిచిన కొలతలో ఉందని నా అభిప్రాయం.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌ను మన కాలేజీ స్పోర్ట్స్ డే లాగా ఊహించుకోకూడదు. నెబ్రాస్కా జనాభా దాదాపు 20 లక్షలు. పెద్ద ప్రొఫెషనల్ లీగ్‌ల జట్టు ఒక్కటీ అక్కడ లేదు. ఉన్నదల్లా లింకన్‌లోని ఈ యూనివర్సిటీ జట్టే. మెమోరియల్ స్టేడియం నిండిందంటే ఒమాహా, లింకన్ తర్వాత రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు ఆ స్టేడియమే. 1962 నుంచి ప్రతి హోమ్ మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడైనట్టే లెక్క. మిగిలిన టికెట్లను దాతలు కొని లెక్క నిలబెట్టిన రోజులూ ఉన్నాయనుకోండి! ఆ ఊళ్లలో ఉంటున్న మన తెలుగువాళ్లు కూడా హోమ్ మ్యాచ్ ఉన్న శనివారం ఫంక్షన్ పెట్టుకోవాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిందే.

ఈ పిచ్చికి పునాది వేసింది బాబ్ డెవనీ. 1961లో మూడంటే మూడు మ్యాచ్‌లు గెలిచిన జట్టును 1962లో చేతిలోకి తీసుకుని, మొదటి ఏడాదే తొమ్మిది గెలిపించాడు. 1970, 71లలో వరసగా జాతీయ చాంపియన్‌షిప్‌లు తెచ్చాడు. మధ్యలో జరిగిన ఒక సంగతిని మాత్రం జనం అంతగా గుర్తుపెట్టుకోరు. 1967, 68లలో జట్టు ఆరేసి మ్యాచ్‌లే గెలిచింది. 1968లో ఓక్లహామా చేతిలో 47-0తో చిత్తయింది. ఇవాళైతే ఆ స్కోరుకే కోచ్ సామాను సర్దుకోవాలి. డెవనీకి ఆ భయం లేదు. అప్పటికి అథ్లెటిక్ డైరెక్టర్ కుర్చీలో ఉన్నదీ ఆయనే! తనను తీసేయాల్సిన మనిషి కూడా తనే. కుర్చీ కదలదు కాబట్టి తీరిగ్గా కూర్చుని, అటాక్‌ను మొత్తం మార్చే పనిని ఒక కుర్ర అసిస్టెంట్‌కు అప్పగించాడు. ఆ కుర్రాడే టామ్ ఆస్బోర్న్.

ఆస్బోర్న్ 1973 నుంచి 1997 దాకా పాతికేళ్లు హెడ్ కోచ్. 255 గెలుపులు, 49 ఓటములు, 3 డ్రాలు. ఒక్క ఏడాది కూడా తొమ్మిదికి తగ్గలేదు. కానీ మొదటి చాంపియన్‌షిప్ 1994లో, అంటే 22వ సీజన్‌లో వచ్చింది. ఓక్లహామా చేతిలో వరసగా మొదటి ఐదేళ్లూ ఓడాడు. ఒక దశలో విసిగి కొలరాడో ఇస్తామన్న ఉద్యోగం వైపు కూడా చూశాడు. 'మామూలు మ్యాచ్‌లు గెలుస్తాడు, పెద్ద మ్యాచ్‌లో చేతులెత్తేస్తాడు' అన్న మాట ఆయన ఏళ్ల తరబడి పడ్డాడు. సరిగ్గా ఈ మాటే తర్వాత పెలీని ఉద్యోగం తీసింది.

1984 జనవరి 2 రాత్రి, మయామిలో ఆరెంజ్ బౌల్. బౌల్ అంటే సీజన్ చివర ఆడే ప్రత్యేక మ్యాచ్. అప్పటిదాకా ఓటమి లేని నెబ్రాస్కా 31-17తో వెనకబడి, తేరుకుని, ఇంకా 48 సెకన్లు ఉందనగా టచ్‌డౌన్ కొట్టింది. 31-30. టచ్‌డౌన్ తర్వాత దొరికే అదనపు ఛాన్స్‌లో బంతిని తన్ని ఒక పాయింట్ తీసుకుంటే స్కోరు సమం. అప్పట్లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఓవర్‌టైమ్ లేదు కాబట్టి డ్రా. డ్రా అయినా టైటిల్ దాదాపు నెబ్రాస్కాదే. ఆస్బోర్న్ తన్నించలేదు. గెలుపు కోసం రెండు పాయింట్ల ప్రయత్నానికి వెళ్లాడు. క్వార్టర్‌బ్యాక్ టర్నర్ గిల్ విసిరిన బంతికి మయామి డిఫెండర్ వేళ్లు తగిలాయి. అంతే, టైటిల్ మయామికి పోయింది. ఇంత జరిగినా ఆయన్ను ఎవరూ తీసేయలేదు. పైన డైరెక్టర్‌గా ఉన్నది డెవనీ. కోచ్‌గా తప్పుకుంటూ ఆస్బోర్న్‌ను తన వారసుడిగా నిలబెట్టింది ఆయనే.

ఆస్బోర్న్ దేవుడేమీ కాదు. మాజీ ప్రియురాలిపై దాడి చేసిన ఆటగాణ్ని 1995లో కొన్ని మ్యాచ్‌లు పక్కనపెట్టి, సీజన్ ముగియకముందే మళ్లీ ఆడించాడు. ఆ మచ్చ ఆ ఏటి చాంపియన్‌షిప్‌తో తుడిచిపెట్టుకుపోలేదు, పోకూడదు కూడా. నేను చెప్పేది ఆయనకు దొరికిన టైమ్ గురించి. ఆయన రోజుల్లో తొమ్మిది గెలుపులు వస్తే ఇంకో ఏడాది చూద్దాం అనేవాళ్లు. 1994, 95, 97లలో మూడు చాంపియన్‌షిప్‌లు వచ్చాక అదే తొమ్మిది నామోషీ అయిపోయింది.

ఆ నామోషీ పడింది సోలిచ్ మీద. ఆరేళ్లలో 58 గెలుపులు, 19 ఓటములు. 2001లో జట్టును టైటిల్ మ్యాచ్ దాకా తీసుకెళ్లాడు. 2002లో ఏడు గెలుపులు, ఏడు ఓటములతో పడిపోయాడు, మర్నాటి ఏడాది తొమ్మిదికి తిరిగొచ్చాడు. జట్టును మామూలు స్థాయికి జారనివ్వనంటూ అథ్లెటిక్ డైరెక్టర్ స్టీవ్ పెడర్సన్ ఆయన్ను పంపేశాడు. తీసేసేటప్పటికి చేతిలో ఇంకో మనిషి లేడు. వారాల తరబడి వెతికి, ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ నుంచి బిల్ కాలహాన్‌ను తెచ్చాడు. పొరుగింటి పుల్లకూర వ్యవహారం. 2004లోనే 5-6. 1961 తర్వాత గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన మొదటి సీజన్ అదే. 2007లో పెడర్సన్, ఆ వెనకే కాలహాన్, ఇద్దరూ పోయారు. సోలిచ్ మాత్రం ఒహాయో యూనివర్సిటీ అనే చిన్న జట్టుకు 2005 నుంచి 2020 సీజన్ దాకా కోచింగ్ చేసి, ఆ జట్టు ఆడే కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీ జట్ల గ్రూపు) చరిత్రలోనే ఎక్కువ విజయాల కోచ్‌గా నిలిచాడు.

కాలహాన్ తర్వాత వచ్చిన పెలీని ఏడు సీజన్లలో ప్రతిసారీ తొమ్మిదో పదో గెలిచాడు, మొదటి ఆరుసార్లూ నాలుగేసి ఓడాడు. నోటి దురుసు ఎక్కువ, అభిమానులనే బూతులు తిట్టిన ఆడియో ఒకటి బయటికొచ్చింది. అలాంటి మనిషిని భరించడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ అతని జాగాలో వచ్చిన మైక్ రైలీ మూడేళ్లలో సాధించింది 19-19.

ఆట కూడా అప్పటికే మారింది. ఒకప్పుడు స్కాలర్‌షిప్ మీద ఎంతమందినైనా తీసుకునే పెద్ద జట్లకు 1973లో 105 అని, 1990ల నాటికి 85 అని పరిమితి పడింది. మిగిలిన మంచి ఆటగాళ్లు వేరే జట్లకు వెళ్లిపోయారు. నెబ్రాస్కా ముందుగా మొదలుపెట్టిన వెయిట్ ట్రైనింగ్‌ను అందరూ నేర్చేసుకున్నారు. 2011లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌కు మారాక టెక్సస్ జట్లతో ఏటా ఆడే అవకాశం పోయింది, అక్కడి కుర్రాళ్లను రప్పించుకోవడమూ కష్టమైంది. ఇవేవీ కోచ్‌ను మారిస్తే మారేవి కావు. అయినా ప్రతిసారీ మార్చింది కోచ్‌నే.

చివరికి ఇంటి బిడ్డనే తెచ్చుకున్నారు. స్కాట్ ఫ్రాస్ట్ 1997 చాంపియన్ జట్టు క్వార్టర్‌బ్యాక్, పుట్టింది లింకన్‌లో. అన్నీ ఉన్నాయి గానీ అల్లుడి నోట్లో శని అన్నట్టు తయారైంది అతని కథ. 2021లో తొమ్మిది మ్యాచ్‌లు ఓడాడు, ఒక్కటి కూడా పది పాయింట్ల తేడాతో కాదు. గెలవాల్సిన తొమ్మిది అంకె ఓటముల గడిలోకి వచ్చింది. 2022లో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద మూడో క్వార్టర్‌లో 28-17తో ముందుండి, ఎవరూ అడగని ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ తమకే దొరకాలని దగ్గరగా తన్నే కిక్) కొట్టించాడు. బంతి ప్రత్యర్థికి దొరికింది, మ్యాచ్ 31-28తో పోయింది. కొద్ది రోజులకే, సెప్టెంబర్ 11న, తీసేశారు. అక్టోబర్ 1 దాకా ఆగి ఉంటే పరిహారం 75 లక్షల డాలర్లకు దిగేది. ఆగలేక కోటిన్నర డాలర్లు ఇచ్చారు. డెవనీకి రెండేళ్లు, ఆస్బోర్న్‌కు ఇరవయ్యేళ్లు ఆగిన రాష్ట్రం ఇరవై రోజులు ఆగలేకపోయింది.

2023లో వచ్చిన మ్యాట్ రూల్ మొదటి ఏడాది ఐదు గెలిచాడు, 2024లో ఏడు. ఆ ఏడో గెలుపు న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జరిగిన పిన్‌స్ట్రైప్ బౌల్‌లో, బోస్టన్ కాలేజీ మీద 20-15తో వచ్చింది. 2016 సీజన్ తర్వాత జట్టు ఆడిన మొదటి బౌల్ అదే. అభిమానులు పండగ చేసుకున్నారు. 2002లో సోలిచ్ గెలిచిందీ ఏడే. అప్పుడు ఆ ఏడుకు ఆయన తన అసిస్టెంట్లను మార్చుకోవాల్సి వచ్చింది.