సంతకం పెట్టాక సమ్మతి అడుగుతారా?

గని కోసం అడవిని అప్పగించడానికి ఢిల్లీ తుది ఆమోదం ఇచ్చేశాక, అక్కడి ఆదివాసీలను ‘మీకు ఇష్టమేనా’ అని అడగడం ఏ రకం సంప్రదింపు? 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన అటవీ సంరక్షణ నిబంధనలు ఈ తలకిందుల వరసకే రాజముద్ర వేశాయి. గ్రామసభ సమ్మతి ముందుండాలని 2009లో పర్యావరణ శాఖ తానే ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పుడు అటవీ హక్కుల సంగతి రాష్ట్రాలు చూసుకోవాలట, అదీ చివర్లో. కంపెనీ డబ్బు కట్టేసి, కేంద్రం సరేనన్నాక గ్రామసభ వద్దందని ఫైలు తిప్పి పంపే కలెక్టరు ఎక్కడైనా ఉంటారా? జాతీయ ఎస్టీ కమిషన్ అభ్యంతరం చెప్పినా లెక్కచేయలేదు. 2023లో అటవీ సంరక్షణ చట్టం పేరు మార్చి కొత్త నిబంధనలు రాసినప్పుడూ ఈ వరసను సరిచేయలేదు.

దేశానికి బొగ్గు, బాక్సైట్, కరెంటు కావాలి. జాప్యంతో ఖర్చు పెరుగుతుందన్న పరిశ్రమల మాటా అబద్ధం కాదు. కానీ జాప్యానికి మందు ముందే అడగడం.

ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల విషయంలో అదే జరిగింది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2013లో జిల్లా జడ్జి సమక్షంలో 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ తవ్వకాలు వద్దన్నాయి. నిర్ణయానికి ముందు అడిగారు గనుకే ఆ మాట చెల్లింది. నేటి నిబంధనల కింద అయితే అది మినిట్స్ పుస్తకంలో ఒక పేజీగా మిగిలేది.

మన మన్యం సంగతీ తెలిసిందే. షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే ఆదివాసీల రక్షణకు రాజ్యాంగం కింద గుర్తించిన ప్రాంతంలో, ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదని సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా చింతపల్లి బాక్సైట్ కోసం 2015లో జీవో 97 ఇచ్చారు. ఊళ్లు భగ్గుమంటే పక్కన పెట్టారు, 2019లో రద్దు చేశారు. రోడ్డెక్కితే తప్ప వినరు. ఎక్కితే అభివృద్ధి నిరోధకులంటారు!

ఇది అడవితో ఆగదు. ముందు అనుమతి, తర్వాత అభిప్రాయం అనే పద్ధతి ఒకసారి పాతుకుపోతే రేపు పంట భూములకూ, తీరంలోని మత్స్యకారుల ఊళ్లకూ ఇదే వరస. అప్పుడు గగ్గోలు పెట్టబోయేవారు ఇప్పుడు ఎందుకు మాట్లాడరు?

ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవంలో కొమ్ముల కిరీటం పెట్టుకుని థింసా ఆడే నాయకుల్లో ఎందరు ఈ నిబంధనపై చట్టసభలో నోరు విప్పారు? ఈసారి మీరు ఆడకపోయినా ఆదివాసీలకు వచ్చే నష్టం లేదు. సమ్మతిని మళ్లీ ముందుకు తెమ్మని కేంద్రానికి తీర్మానం పంపండి. అది చేతకాకపోతే గ్రామసభల పేరెత్తడం మానుకోండి.